తాకితే పలికే స్వరాన్ని లాగడం ఎలా?

ప్రతి ఏడాదీ మన వార్షికోత్సవ సంచికలో కవితలు వస్తాయి, పోటీ పరీక్షల సలహాలు వస్తాయి. ఈసారి ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్ల తరఫున ఏదైనా సైన్సు వ్యాసం రాయమని సంపాదకుడు తమ్ముడు అడిగాడు. మేము గిటారు గురించి రాస్తామన్నాం. సైన్సు అడిగితే గిటారేంటన్నా అని అడిగాడు. ఈ వ్యాసమే వాడికి జవాబు.

మేము అంటే మా గదిలోని నలుగురం. నలుగురిలో ఎవరి ఇంట్లోనూ మాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు. మాలో ఎవరమూ గిటారు కొనలేదు. గ్రూప్స్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతూ ఒక సీనియర్ అన్న తన గిటారుని ట్రంకు పెట్టెల వెనక వదిలేసి వెళ్లాడు. చెక్క గిటారు, కరెంటు అక్కర్లేనిది, ఇనుప తీగలది. అప్పటికే ఒక తీగ లేదు. రెండేళ్లు దాని మీద తువ్వాళ్లు ఆరేసుకున్నాం.

దాన్ని చేతిలోకి తీసుకోవడానికి కారణం సంగీతం కాదు, అవమానం. మేము చదివిన జూనియర్ కాలేజీలో సోనామీటర్ బీరువాలో ఉండేది. దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందో మాకు చివరిదాకా తెలియలేదు. తీగ పొడవు, తన్యత, పౌనఃపున్యాల మధ్య సంబంధాన్ని సరిచూసే ప్రయోగం మొత్తం పాత రికార్డుల్లోంచి ఎక్కించుకున్నాం. గ్రాఫు చక్కగా వచ్చింది, ఎందుకు రాదు, మాకు ముందు పదిమంది గీసిన గ్రాఫే కదా. తర్వాత డిగ్రీ ప్రాక్టికల్స్ వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు ఒకే ప్రశ్న అడిగారు. ‘మోగుతున్న తీగని సరిగ్గా మధ్యలో వేలితో తాకి వదిలేస్తే ఏమవుతుంది?’ సూత్రం నోటికి వచ్చు, మెర్సేన్ పేరు కూడా వచ్చు. అయినా మేము ‘ఆగిపోతుంది సార్’ అన్నాం. ఆయన ఏమీ అనలేదు. తర్వాతి నంబరు పిలిచారు.

ఆ రాత్రి తువ్వాళ్లు తీసేసి గిటారు మంచం మీద పెట్టాం. మధ్యలో తాకి మీటాం. ఆగిపోలేదు. చిన్న గంట కొట్టినట్టు, సన్నగా, పైస్థాయిలో మోగింది.

ఆగిపోదు, ఎందుకంటే

గిటారు తల దగ్గర తీగలు గాట్లలో కూర్చునే సన్న పట్టీని నట్ అంటారు. అడుగున తీగలు కట్టే చోటు బ్రిడ్జి. తీగ ఊగేది ఈ రెండింటి మధ్యనే. మా గిటారుకి ఈ దూరం 65 సెంటీమీటర్లు. మీకు దొరికే గిటార్లు కూడా ఇంచుమించు ఇంతే ఉంటాయి.

తీగని మీటితే అది ఒక్క రకంగా ఊగుతుందనుకుంటాం. నిజానికి ఒకేసారి చాలా రకాలుగా ఊగుతుంది. ఇద్దరు రెండు చివరలు పట్టుకుని తాడాట ఆడేటప్పుడు తాడు మొత్తం ఒకే విల్లులా లేస్తుంది చూడండి, అది మొదటి రకం. అదే తాడుని గబగబా ఆడిస్తే మధ్యలో ఒక బిందువు కదలకుండా ఉండి అటో విల్లు ఇటో విల్లు లేస్తాయి. ఇంకా వేగంగా ఆడిస్తే మూడు విల్లులు. గిటారు తీగలో ఇవన్నీ ఒకదాని మీద ఒకటి కలిసి ఒకేసారి జరుగుతుంటాయి. మొత్తంగా ఊగే దాని పౌనఃపున్యం 196 అయితే (మూడో తీగ, జి స్వరం), సగాలుగా ఊగే దానిది 392, మూడో వంతులుగా ఊగే దానిది 588, నాలుగో వంతులుగా ఊగే దానిది 784. పాఠ్యపుస్తకంలో వీటినే అనుస్వరాలు అని చదువుకున్నాం, గిటారు వాయించేవాళ్లు హార్మోనిక్స్ అంటారు. మామూలుగా మన చెవి వీటిని విడివిడిగా వినదు. అన్నీ కలిసి ‘ఇది గిటారు’ అనిపించే ఒక్క రంగుగా వినిపిస్తాయి.

మధ్యలో వేలు తాకిస్తే ఆ బిందువు ఊగడానికి వీల్లేదు. మధ్యలో ఊగాల్సిన కదలికలన్నీ చచ్చిపోతాయి. మొత్తంగా ఊగేది పోతుంది, మూడు వంతుల్లో ఊగేది పోతుంది. మధ్యలో ఎలాగూ కదలకుండా ఉండే రకాలు మాత్రం మిగులుతాయి. వాటికి వేలు అడ్డం కాదు. ఆ కదలని చోటే అస్పందన స్థానం. మేము పరీక్షలో ఈ మాటకి నిర్వచనం రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాం, వేలితో తాకింది మాత్రం ఆ రాత్రే.

ఇప్పుడు చేసే పద్ధతి. ఎడమచేతి వేలిని తీగ మీద ఆనించాలి, నొక్కకూడదు. చెక్క మీదికి తీగ వంగకూడదు. వేలు ఆనాల్సింది ఫ్రెట్ల మధ్య గడిలో కాదు, సరిగ్గా ఫ్రెట్ అనే లోహపు గీత మీదుగా. కుడిచేత్తో మీటిన మరుక్షణం వేలు తీసేయాలి. కొత్తవాళ్లు వేలు ఉంచేస్తారు, దాంతో శబ్దం మూగబోతుంది. 12వ ఫ్రెట్ మీద తాకితే ఒక స్థాయి పైన స్వరం వస్తుంది, 7వ ఫ్రెట్ మీద అంతకంటే ఐదో స్వరం, 5వ ఫ్రెట్ మీద రెండు స్థాయిల పైన.

4వ ఫ్రెట్ దగ్గర ఒక తిరకాసు ఉంది. తీగని ఐదు భాగాలు చేసే స్థానం నట్ నుంచి సరిగ్గా 13 సెంటీమీటర్లు. ఫ్రెట్ ఉన్నది 13.4 దగ్గర. కాబట్టి ఫ్రెట్‌కి నాలుగు మిల్లీమీటర్లు నట్ వైపు జరిగి తాకాలి. ఆరు భాగాల స్థానం దీనికి ఎదురు, 3వ ఫ్రెట్ దాటాక ఐదు మిల్లీమీటర్లకి ఉంటుంది. మాకు ఇవి మొదట్లో పలకకపోతే గిటారు పాడైందనుకున్నాం. రికార్డు రాయడానికి కొన్న స్కేలు పెట్టి కొలిస్తే సంగతి తెలిసింది. ఫ్రెట్లు అమర్చేది స్థాయిని 12 సమాన మెట్లుగా పంచే లెక్కతో. తీగ మాత్రం పూర్ణ సంఖ్యలతో భాగించుకుంటుంది. ఈ రెండు లెక్కలు 12 దగ్గర కలుస్తాయి, 7, 5 దగ్గర అర మిల్లీమీటరు తేడాతో దాదాపు కలుస్తాయి, 4 దగ్గర విడిపోతాయి.

కుడిచెయ్యి ఎక్కడ మీటాలన్నది కూడా ముఖ్యమే. ఏ హార్మోనిక్ కావాలో దాని కదలని చోట మీటితే అది పలకదు, ఎందుకంటే కదలని చోటుని మనం కదపలేం. బ్రిడ్జికి దగ్గరగా మీటితే అన్నీ బాగా వస్తాయి. ఈ నియమానికి మన వీణ, తంబూర లొంగవని సి.వి. రామన్ 1921లో రాశారు. వాటి బ్రిడ్జి కత్తి అంచులా కాకుండా వెడల్పుగా, వంపుగా ఉంటుంది. తీగ దాన్ని రాసుకుంటూ ఊగుతుంది కాబట్టి కదలని చోట మీటినా ఆ హార్మోనిక్ వినిపిస్తుంది. నోబెల్ రాకముందు ఆయన వాద్యాల మీద ఇంత పని చేశారని మాకు ఎమ్మెస్సీకి వచ్చేదాకా తెలియదు.

అసలు చిక్కు

ఇక విషయానికి వద్దాం. గిటారులో తీగని పక్కకి నెట్టి స్వరాన్ని పైకి సాగదీయడాన్ని బెండ్ అంటారు. వీణ విన్నవాళ్లకి ఇది వింత కాదు, మెట్టు మీద తీగని పక్కకి లాగి గమకం పలికించడం అదే. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు జంట తీగల మాండొలిన్‌ని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మార్చుకుని, ఫ్రెట్లున్న ఆ చిన్న వాద్యం మీద కర్ణాటక సంగీతమంతా పలికించారు. లాగడమంటే తన్యత పెంచడం. పౌనఃపున్యం తన్యత వర్గమూలంతో పెరుగుతుంది. 1636లో మెర్సేన్ అచ్చువేసిన నియమం ఇదే. అర స్వరం పైకి పోవాలంటే తన్యత 12 శాతం పెరగాలి, పూర్తి స్వరానికి 26 శాతం, ఒక స్థాయికి నాలుగు రెట్లు. ఇనుప తీగల గిటారులో ఒక్కో తీగ 10 నుంచి 14 కిలోల లాగుడులో ఉంటుంది. ఆరు తీగలూ కలిపితే 70 కిలోలు దాటుతుంది, అంటే దాదాపు మన మెస్‌కి వచ్చే 50 కిలోల బియ్యం బస్తా ఒకటిన్నర ఆ సన్నటి నెక్‌కి వేలాడుతున్నట్టు.

మరి హార్మోనిక్‌ని లాగడం ఎలా? హార్మోనిక్ పలకాలంటే వేలు తాకీ తాకనట్టు ఉండి తప్పుకోవాలి. లాగాలంటే గట్టిగా పట్టుకోవాలి. పట్టుకుంటే చచ్చిపోతుంది, వదిలేస్తే లాగేవాడు లేడు. ఈ చిక్కుముడి మీద మేము ఒక సెలవుల కాలం మొత్తం గడిపాం. ఊరికి వెళ్లని ఇద్దరం, ఒక గిటారు.

దారి ఎక్కడుందో చూపించింది ఒక చిన్న కాగితం ముక్క. సోనామీటర్ మీద ‘వి’ ఆకారంలో మడిచి తలకిందులుగా పెట్టే కాగితం గురించి అందరం రాశాం. తీగ మీద కాగితాలు పెట్టి కదిలే చోట్లని, కదలని చోట్లని చూడడం చాలా పాతది. ఇంగ్లండులో నోబుల్, పిగట్ అనే ఇద్దరి పరిశీలనలని జాన్ వాలిస్ 1677లో ప్రకటించారు. 1701లో ఫ్రాన్సులో జోసెఫ్ సావూర్ హార్మోనిక్స్‌కి ఆ పేరు పెట్టి వివరంగా రాశారు. సావూర్‌కి చిన్నప్పటి నుంచి మాట, వినికిడి సరిగా ఉండేవి కావు. ఆయన శబ్దశాస్త్రానికే పేరు పెట్టిన మనిషి అయ్యాడు.

మీరూ చేయండి. గిటారుని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టండి. మూడో తీగ మీద 12వ ఫ్రెట్ పైన ఒక కాగితం, 19వ ఫ్రెట్ పైన ఒక కాగితం పెట్టండి. 7వ ఫ్రెట్ మీద వేలు ఆనించి బ్రిడ్జి దగ్గర మీటండి. 12 మీద కాగితం ఎగిరి పడుతుంది, 19 మీదిది కూర్చునే ఉంటుంది. తీగ మూడు భాగాలుగా ఊగుతోంది కదా, 7, 19 దగ్గర కదలని చోట్లు. 12 మధ్య భాగానికి నడిబొడ్డు, అక్కడే కదలిక ఎక్కువ.

ఇక్కడ మాలో ఒకరు ఊరికే, ఆలోచించకుండా, స్వరం మోగుతుండగా నట్‌కి అవతల, తల మీద ఉన్న తీగ ముక్కని బొటనవేలితో కిందికి నొక్కారు. స్వరం ‘మ్యావ్’ అన్నట్టు పైకి లేచి, వదిలితే కిందికి దిగింది. 19 మీద కాగితం మాత్రం కదల్లేదు.

మాకు అప్పుడు అర్థమైంది. కదలని చోటు ఎక్కడుంటుందన్నది తీగ పొడవుని బట్టి ఉంటుంది. ఎంత బిగిస్తే ఏ స్వరం పలుకుతుందన్నది తన్యత చూసుకుంటుంది. తన్యత పెంచితే మూడు భాగాలూ మూడు భాగాలుగానే ఉండి, మొత్తం కలిసి పైకి పోతుంది. కాబట్టి హార్మోనిక్‌ని చంపకుండా లాగాలంటే ఊగే భాగాన్ని ముట్టుకోకూడదు. లాగుడు బయటి నుంచి రావాలి. రికార్డులో ‘పొడవు స్థిరంగా ఉన్నప్పుడు’ అని రాసి కింద గీత గీశాం. ఆ మాటకి అర్థం ఇదన్నమాట.

నట్ వెనక నుంచి

బయట అంటే రెండు వైపులు. నట్ అవతల ఒకటి, బ్రిడ్జి అవతల ఒకటి. డబ్బు లేనివాళ్లకి నట్ వైపే దిక్కు. 1969లో లెడ్ జెపెలిన్ వాళ్ల ‘హార్ట్‌బ్రేకర్’ పాట సోలోలో జిమ్మీ పేజ్ నట్ వెనక తీగ నొక్కిన శబ్దం వినిపిస్తుంది. కాబట్టి ఇది పేదవాడి ఉపాయం మాత్రమే కాదు.

మన గిటార్ల తల మీద కీలు అటు మూడు, ఇటు మూడు ఉంటాయి. మొదటి తీగ, ఆరో తీగ కీలు నట్‌కి దగ్గరగా ఉంటాయి, నొక్కడానికి చోటే ఉండదు. మూడో తీగ, నాలుగో తీగ తల చివరిదాకా పోతాయి. అందుకే ఈ పద్ధతి ఆ రెండింటి మీదే బాగా కుదురుతుంది. మూడో తీగ మీద 12వ ఫ్రెట్ హార్మోనిక్ మోగించి నట్ వెనక నొక్కుతూ ఫోన్‌లో ట్యూనర్ చూశాం. 392 నుంచి 415 దాకా, అంటే అర స్వరం, కష్టపడకుండా వెళ్తుంది. 440 దాకా వెళ్లాలంటే వేలి మీద గాటు పడుతుంది. మా బొటనవేళ్లకి నెలరోజులు ఆ గాటు ఉంది. మెస్‌లో పప్పు కలుపుకుంటే మండేది.

ఒక ఇబ్బంది. నట్ గాటులో తీగ ఇరుక్కుంటే నొక్కినప్పుడు ‘టిక్’ మని దూకుతుంది, వదిలాక పాత శ్రుతికి రాదు. గాటులో పెన్సిల్ ముల్లు రుద్దితే పోతుంది, 2బి పెన్సిల్ అయితే మెత్తగా ఉంటుంది. నైలాన్ తీగల గిటారులో ఈ పద్ధతి పెద్దగా పనిచేయదు. నైలాన్ బాగా సాగుతుంది కాబట్టి అంతే నొక్కినా తన్యత అంతగా పెరగదు.

నొక్కే బదులు కీ తిప్పినా తన్యత పెరుగుతుంది. చవక కీలలో పళ్లు వదులుగా ఉంటాయి, తిరిగి అదే చోటికి రావు. మేము వదిలేశాం.

ఇంకొక పని మేము చేశాం, మీరు చేయవద్దు. వీడియోల్లో కొందరు గిటారు నెక్‌ని చేత్తో ముందుకి వెనక్కి వంచుతారు. హార్మోనిక్ గాలిలో ఊగినట్టు భలేగా వినిపిస్తుంది. మేమూ వంచాం. మూడోసారికి తల మొదట్లో ‘పటుక్’ మంది. ఆరు తీగలు వదులైపోయాయి. ఒక్కక్షణం నలుగురం మాట్లాడలేదు. అది మాది కాదు కదా, ఆ అన్న హాస్టల్‌కి వదిలి వెళ్లింది. పైన చెప్పిన బస్తాన్నర బరువు లెక్క మేము వేసింది ఆ సంఘటన తర్వాతే, ముందు వేసి ఉంటే బాగుండేది. పగులులో ఫెవికాల్ నింపి, సైకిల్ ట్యూబు పట్టీలుగా కోసి గట్టిగా చుట్టి, రెండు రోజులు బల్ల కింద పెట్టాం. అతికింది. పగులు గీత ఇప్పటికీ కనిపిస్తుంది.

బ్రిడ్జి వైపు నుంచి లాగడానికి ఎలక్ట్రిక్ గిటార్లకి ఒక కడ్డీ ఉంటుంది, వామీ బార్ అంటారు. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ దీనికి పేరు మోసింది. బ్రిడ్జి స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది, కడ్డీ నొక్కితే తీగలు వదులై స్వరం దిగుతుంది. 1970ల చివర వచ్చిన ఫ్లాయిడ్ రోజ్ రకంలో నట్ దగ్గర తీగలకి తాళం పడుతుంది. శ్రుతి చెడదు కానీ నట్ వెనక నొక్కే మన ఉపాయం అందులో పనికిరాదు. కడ్డీతో హార్మోనిక్ వాయించడంలో కిటుకు ఏమిటంటే ముందే కడ్డీ కొంచెం నొక్కిపెట్టి, హార్మోనిక్ మోగించి, అప్పుడు మెల్లగా వదలాలి. స్వరం కింది నుంచి పాకుతూ వచ్చి తన చోట కూర్చుంటుంది, గొంతుతో పాడినట్టు. 1989లో జెఫ్ బెక్ ‘వేర్ వర్ యూ’ అనే వాద్యగీతంలో హార్మోనిక్స్‌ని కడ్డీతో ఎత్తుతూ దించుతూ వాటితోనే రాగం నడిపించారు. ఆయన 2023లో కన్నుమూశారు. మాకు కడ్డీ ఉన్న గిటారు లేదు కానీ ఆ రికార్డు విన్నాక, నట్ వెనక కూడా ముందే నొక్కిపెట్టి మోగించి వదలడం నేర్చుకున్నాం. మనది పైనుంచి కిందికి జారుతుంది, అంతే తేడా.

వేలే నట్ అయితే

మూడో దారి ఉంది. ఎడమచేతి వేలితో ఏదైనా ఫ్రెట్ దగ్గర తీగని గట్టిగా నొక్కితే తీగ అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ వేలే కొత్త నట్. అప్పుడు తాకే పని కుడిచేతిది, లాగే పని ఎడమచేతిది. చిక్కు విడిపోయినట్టే.

కుడిచేత్తో తాకడానికి మూడు తీర్లున్నాయి. నొక్కిన ఫ్రెట్‌కి 12 కలపండి. ఐదో ఫ్రెట్ నొక్కితే 17 దగ్గర కొత్త మధ్యస్థానం. అక్కడ కుడిచేతి చూపుడువేలు ఆనించి బొటనవేలితో మీటడం ఒక తీరు. చెట్ అట్కిన్స్, లెనీ బ్రో దీనిలో ఆరితేరినవాళ్లు. చెక్క గిటారుకి ఇదే అనువైనది. రెండో తీరు, మామూలుగా మీటి, 17వ ఫ్రెట్ గీత మీద వేలితో టక్కున కొట్టి తీసేయడం. ఎడ్డీ వాన్ హాలెన్ (2020లో పోయారు) 1979లో నైలాన్ తీగల గిటారు మీద వాయించిన ‘స్పానిష్ ఫ్లై’లో ఇది వినిపిస్తుంది. మూడోది పించ్ అనే చిటుకు దెబ్బ. పిక్ చివర కొద్దిగా బయట పెట్టి పట్టుకుని, మీటుతున్న క్షణంలోనే బొటనవేలి అంచు తీగకి తగిలేలా చేయాలి. 1973లో జెడ్ జెడ్ టాప్ ‘లా గ్రాంజ్’లో బిల్లీ గిబ్బన్స్ వాయించిన కీచుమనే శబ్దం ఇదే. చెయ్యి అర సెంటీమీటరు అటూ ఇటూ జరిగితే వేరే హార్మోనిక్ వస్తుంది. కరెంటు గిటారు, ఆంప్లిఫయర్ ఉంటే బ్రహ్మాండంగా ఉంటుంది. మా చెక్క గిటారు మీద మాత్రం పదిసార్లలో మూడుసార్లు వచ్చింది, అదీ గదిలో ఫ్యాను ఆపితేనే వినపడింది.

లాగేటప్పుడు ఒక సంగతి మాకు పుస్తకం చెప్పలేదు, వేళ్లు చెప్పాయి. ముందే ఎడమచేత్తో తీగని పక్కకి లాగి, ఆ తర్వాత 17 దగ్గర తాకబోతే తీగ అక్కడ లేదు! ఎడమవేలు సెంటీమీటరు పక్కకి నెడితే బ్రిడ్జి దగ్గర తీగ జరగదు, మధ్యలో అర సెంటీమీటరు జరుగుతుంది. కుడిచెయ్యి కూడా ఆ అర సెంటీమీటరు జరగాలి. తరగతిలో సరూప త్రిభుజాలు చెప్పిన సారు ఇక్కడ ఉంటే సంతోషించేవారు. ఈ ఇబ్బంది వద్దనుకుంటే ముందు హార్మోనిక్ మోగించి తర్వాత లాగడం తేలిక.

చివరిగా మాకు అన్నింటికంటే ఇష్టమైనది. హార్మోనిక్‌ని నొక్కితే చచ్చిపోతుందని పైన రాశాం. అది సగమే నిజం. కదలని చోట నొక్కితే? మూడో తీగ మీద 5వ ఫ్రెట్ హార్మోనిక్ మోగించండి. తీగ నాలుగు భాగాలుగా ఊగుతోంది, కదలని చోట్లు 5, 12, ఆ పైన సౌండ్‌హోల్ మీద ఇంకొకటి. ఇప్పుడు మోగుతుండగానే 12వ ఫ్రెట్ దగ్గర తీగని చెక్కకి ఆనేలా గట్టిగా, మెత్తగా దించినట్టు నొక్కండి. నట్ వైపు ఉన్న రెండు భాగాలు చస్తాయి. బ్రిడ్జి వైపు రెండు భాగాలు బతికే ఉంటాయి, అదే 784 మోగుతూనే ఉంటుంది. ఇప్పుడు వేలు తీగని పట్టుకుని ఉంది కదా, పక్కకి లాగండి. హార్మోనిక్ పైకి లేస్తుంది. శబ్దం బాగా తగ్గిపోతుంది, చెక్క గిటారు మీద ఒక్క సెకను వినిపిస్తే గొప్ప. వేలు ఫ్రెట్ గీతకి దూరంగా గడి మధ్యలో దిగితే గరగరమని ఆగిపోతుంది. గీతకి ఆనుకుని, నట్ వైపు నుంచి దించాలి. మాకు పట్టుబడడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. వచ్చిన రోజు రాత్రి పదకొండు దాటింది. స్టడీ అవర్ అయిపోయాక కూడా శబ్దమేంటని వార్డెన్ గారు వచ్చారు. తిడతారనుకుంటే తలుపు దగ్గర నిలబడి ‘మళ్లీ చెయ్యండి’ అన్నారు. కంగారులో మళ్లీ రాలేదు. నాలుగోసారికి వచ్చింది. ‘అయితే మధ్యలో పట్టుకున్నా ఆగదన్నమాట’ అని వెళ్లిపోయారు.

వైవాలో మమ్మల్ని అడిగిన ప్రశ్నకి ఆయనకి పది నిమిషాల్లో జవాబు దొరికింది. మాకు మూడేళ్లు పట్టింది.

గిటారు ఇప్పుడు పై అంతస్తులో 4వ నంబరు గదిలో ఇంటర్ తమ్ముళ్ల దగ్గర ఉంది. ఆరు తీగలూ ఉన్నాయి, మూడోది ఈ మధ్యనే వేసింది, నట్ గాటులో పెన్సిల్ రుద్దే ఉంచాం. కాగితం ముక్కలు అగ్గిపెట్టెలో వేసి గిటారు సంచి జేబులో పెట్టాం. సోనామీటర్ ప్రాక్టికల్ ఉన్నవాళ్లు ముందురోజు వచ్చి ఒకసారి చూసుకుని వెళ్లవచ్చు. నెక్ మాత్రం వంచకండి, ఫెవికాల్ ఒక్కసారికే.